నిమ్మళంగ

చిట్యాల దాటినంక, రైలు గేటుకు అవతల
ముప్పై రెండు లారీలు
ఇంజన్లు ఆర్పుకొని వానల పండుకున్నయి.
ఫోన్లు, బీడీలు, అగ్గిపెట్టెలు
గేటుకాడి రేకు డబ్బల ఉన్నయి.

ఆరో నంబరు బేల డీజిల్ పడుతున్నది,
నిమిషానికి రెండు వేల లీటర్లు.
అర కిలోమీటరు గొట్టం పొడుగూతా
కదులుతున్న బరువు.
కంటికి కనవడదు.
అరచెయ్యి పెడితే మాత్రం
సూడిబర్రె కడుపుల దూడ మసలినట్టు తెలుస్తది.

మా నాయిన కురుమ.
పొద్దుగూకంగ నూటిరవై గొర్లు
దొడ్డి మొఖం పట్టి వస్తుంటే
తడిక ఎన్నడూ దబ్బున మూయలే.
"ముందటి గొర్రె ఆగుతది బిడ్డా,
ఎనకటి గొర్రెకు ఆ సంగతి తెల్వదు.
అది నూకుతది, దాని ఎనకది నూకుతది,
నడుమ పిల్ల ఊపిరాడక సస్తది."
అందుకే తడిక పక్కన ఒక సందు విడిచేటోడు,
నూకుడు ఎక్కువైతే అటు పొర్లిపోవడానికి.

డిప్లొమాల ఇదే ముచ్చటను
మూడు పేజీల లెక్కగ చెప్పిండ్రు.

ఆగస్టు పదకొండు, రాత్రి రెండుంబావు.
సెన్సరుకు వాన తేమ తగిలిందో ఏమో
ట్యాంకరు నిండకముందే నిండిందని అబద్ధమాడింది.
వాల్వు నమ్మింది.
రెప్ప పడ్డంతసేపట్ల మూసుకున్నది.

మంట లేవలే. ఎవరికీ ఏం కాలే.
పేపర్ల రాసేంత సంగతి కాదు.
ఒక్క చప్పుడు,
గొట్టం లోపల ఎవరో కూసొని
సమ్మెటతోని ఏసినట్టు.
గొట్టం తన గద్దె మీదికెళ్లి బెత్తెడు లేచి
మల్ల కూసున్నది.
ఆ దెబ్బ ట్యాంకుల దాకా ఉరికి
అక్కడ తల కొట్టుకొని మా దిక్కు మర్లింది.
మల్ల పోయింది. మల్ల వచ్చింది.
వచ్చినప్పుడల్లా జర అలసిపోయి.

జానిమియా పంపులు బంద్ చేసిండు.
నాలుగో జాయింటుకు సన్నగ చెమట పట్టింది,
డీజిల్ చెమట.
డ్రైవర్ ఇద్దయ్య చెప్పులు ఇడిసి ఉరికిండు.
తెల్లారి ఒక చెప్పు బురదల దొరికింది,
రెండోది ఇప్పటిదాకా దొరకలే.

ఇట్లాంటి దెబ్బ కోసమే
గొట్టం పక్కన నిలువెత్తు ఎర్ర పాత్ర ఉన్నది.
లోపల రబ్బరు తిత్తి, తిత్తిల నైట్రోజన్.
నూకుడొస్తే ముడుచుకొని
కొంత జాగ ఇస్తది.
దానికి వేరే పని లేదు.
ఏడాదికి ఒక్కసారి పనివడొచ్చు, పడకనూ పోవచ్చు.

పొద్దుగాల దాని గేజి అద్దం మీద
దుమ్ము తుడిచి చూసిన.
ముల్లు సున్నా మీద పండుకున్నది.
ఎన్నడు పండుకున్నదో.

రిజిస్టరు తీస్తే
జూన్ అంత, జులై అంత, మొన్నటిదాకా
ఒక్కటే చేతిరాత: బాగుంది, బాగుంది, బాగుంది.
గుకొమ్ము తోక కిందికి గుంజి రాసే అలవాటు
ఈ డిపోల ఒక్కరికే ఉన్నది.
నాకే.

జానిమియా ఏమనలే.
పదహారేండ్ల సర్వీసు ఆయనది,
అనదలుచుకుంటే మాటలకు కొదువ లేదు.
రిజిస్టరు మూసిండు,
అట్ట కూడ చప్పుడు కాకుండ.
ఒక్క తిట్టు తిట్టినా బాగుండు.

సిలిండరు దొర్లించుకపోయి తిత్తి నింపిన.
ముల్లు నడుం పట్టినోని లెక్క
మెల్లగ లేచి నిలబడ్డది.
వాల్వు మూతను సాగదీసిన,
ఆఖరి రెండు వందల లీటర్లు సన్నధారే.

వారానికి ఇద్దయ్య మల్ల వచ్చిండు,
కొత్త చెప్పులు, కొత్త తొందర.
"ఇంకెంతసేపక్కా?
తెల్లారేటాళ్లకు నాగర్‌కర్నూల్ల ఉండాలె.
ఆలస్యం అమృతం విషం అన్నరు పెద్దలు."
"మా నాయిన అనలే" అన్న.

నవ్విండు. అర్థం కాలే ఆయనకు.

చెయ్యి గొట్టం మీదనే ఉన్నది.
గొర్లు ఒక్కటొక్కటే లోపలికి పోతున్నయి.
అందరికన్న ఎనకటిదానికి కూడ
సంగతి తెలిసేదాక
తడిక పట్టుకొని నిలబడ్డ.